మంచుకొండల్లో మట్టిమిద్దెలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లదాఖ్, స్పితి లోయల్లోని బౌద్ధారామాల (గోంపాల) కట్టడం గురించీ, వాటి గోడల మీది బొమ్మల గురించీ సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాం. బెంగళూరు తెలుగువాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు. ఒకే మాట నలుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: జులైలో మేమిద్దరం ఆరు రోజులు లదాఖ్ వెళ్తున్నాం. "రెండు గోంపాలు చూశాక ఇక అన్నీ ఒకటే" అంటున్నారు వెళ్లొచ్చినవాళ్లు. లోపల ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

ముందు ఒక లెక్క. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, లేహ్ 3,500 మీటర్ల ఎత్తున. విమానం దిగాక రెండు రోజులు మెట్లెక్కే పని పెట్టుకోకండి. గోంపాల్లో చాలావరకు గుట్టల మీదే ఉంటాయి. మిగిలిన నాలుగు రోజుల్లో ఎనిమిది గోంపాలు తిరిగితే మీ స్నేహితులు చెప్పినట్టే అవుతుంది. మూడు చాలు: తిక్సే, బస్గో, ఆల్చి. తిక్సే లేహ్ నుంచి 20 కి.మీ. లోపే. బస్గో, ఆల్చి పడమటగా సింధునది వెంట ఒకే దారిలో వస్తాయి.

గోంపా అంటే గదుల గుంపు. భిక్షువులంతా కూర్చుని పారాయణ చేసే మందిరం దుఖాంగ్. ఒక మూర్తి కోసం కట్టిన గుడి లాఖాంగ్. ధర్మాన్ని కాచే ఉగ్రమూర్తులుండే చీకటిగది గోన్‌ఖాంగ్. అక్కడ విగ్రహాల ముఖాలకు గుడ్డ కప్పి ఉంటుంది, ఏడాదికోసారి పండగనాడు తీస్తారు. మీరు ఎత్తి చూడకూడదు. కొన్ని గోన్‌ఖాంగ్‌లలోకి ఆడవాళ్లను రానివ్వరు, గుమ్మం దగ్గరే అడగండి.

దుఖాంగ్‌కు వెళ్తే నేరుగా లోపలికి నడవకుండా వాకిట్లో ఆగండి. గుమ్మానికి అటూఇటూ నలుగురు దిక్పాలకులు ఉంటారు. వీణ పట్టుకున్న తెల్లనివాడు తూర్పుదిక్కు ధృతరాష్ట్రుడు, కత్తి పట్టిన నీలివాడు దక్షిణాన విరూఢకుడు, ఎర్రనివాడు పడమట విరూపాక్షుడు. పసుపురంగులో, చేతిలో ముంగిసతో ఉన్నవాడు ఉత్తరాన వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. పక్కనే భవచక్రం ఉంటుంది. యముడు పళ్లతో, గోళ్లతో పట్టుకున్న పెద్ద చక్రం అది. దాన్ని నడిమధ్య నుంచి బయటికి చదవాలి. మధ్యలో ఒకదాని తోక ఒకటి కరిచిన పంది, పాము, కోడి – మోహం, ద్వేషం, రాగం. వాటి చుట్టూ ఆరు లోకాలు. అంచున పన్నెండు చిన్న బొమ్మలు. అవిద్యకు గుడ్డివాడు, సంస్కారానికి కుండలు చేసే కుమ్మరి, విజ్ఞానానికి కోతి, నామరూపాలకు పడవ, ఇంద్రియాలకు కిటికీల ఇల్లు. వేదనకు కంట్లో దిగిన బాణం. ఈ పన్నెండూ గుర్తుపట్టడానికి పావుగంట పెట్టండి, ఆ తర్వాత చూసే ప్రతి గోంపా వాకిలీ మీతో మాట్లాడుతుంది.

లోపల గోడల మీద పంచబుద్ధులను రంగుతోనే పట్టుకోవచ్చు. తెలుపు వైరోచనుడు మధ్యన ఉంటాడు. నీలం అక్షోభ్యుడు భూమిని తాకుతూ, పసుపు రత్నసంభవుడు వరమిస్తూ, ఎరుపు అమితాభుడు ధ్యానంలో, ఆకుపచ్చ అమోఘసిద్ధి అభయమిస్తూ కనిపిస్తారు. పీఠం కింది వాహనం చూస్తే రంగు వెలిసినా తెలిసిపోతుంది. అక్షోభ్యుడికి ఏనుగు, రత్నసంభవుడికి గుర్రం, అమితాభుడికి నెమలి, అమోఘసిద్ధికి గరుడుడు.

తిక్సేలో 15 మీటర్ల మైత్రేయుడు ఉన్నాడు. రెండంతస్తుల ఎత్తు. మీరు పై అంతస్తులోంచి ప్రవేశిస్తారు కాబట్టి ముఖమే ఎదురుగా కనిపిస్తుంది. ఇది కొత్తపనే, 20వ శతాబ్దిది. అసలు పాతదనం ఆల్చిలో ఉంది, దానికి సగం రోజు కేటాయించండి. ఆల్చి గుట్టెక్కకుండా ఊళ్లోనే చదునున ఉంటుంది. అక్కడి సుమ్‌చెక్ అనే మూడంతస్తుల గుడిలో నాలుగు మీటర్లకు అటూఇటూగా ముగ్గురు బోధిసత్త్వుల మట్టి విగ్రహాలు నిలబడి ఉన్నాయి. తలలు పై అంతస్తులోకి వెళ్తాయి. వాళ్ల ముఖాల కంటే ముందు ధోవతులు చూడండి. ఎడమన అవలోకితేశ్వరుడి ధోవతి నిండా కాశ్మీరపు గుళ్లూ మేడలూ. మధ్యన మైత్రేయుడి ధోవతి మీద బుద్ధుడి జీవితకథ. కుడిన మంజుశ్రీ ధోవతి మీద 84 మంది సిద్ధులు. కాశ్మీర చిత్రకారుల పని ఇది. ఆ కాలపు కాశ్మీర చిత్రకళ కాశ్మీరంలో దాదాపుగా మిగల్లేదు కనుక, దాన్ని చూడాలంటే ఇక్కడికే రావాలి. స్థానికులు ఈ గుడిని అనువాదకుడు రించెన్ సంగ్‌పో (958–1055) కట్టించాడంటారు. పై అంతస్తులో గీసిన గురుపరంపరలో 1217లో పోయిన జిగ్తెన్ సుమ్‌గోన్ దాకా ఉండటం వల్ల 13వ శతాబ్ది మొదట్లోదని పండితుల లెక్క. మాకు రెండో మాటే సరిగ్గా తోస్తుంది.

ఆల్చి లోపల ఫొటోలు తీయనివ్వరు. వీపు సంచులు బయట పెట్టి వెళ్లండి. ఇరుకుదారిలో ఒక్కసారి సంచి రాసుకుంటే గోడ మీది రంగు పొడిగా రాలుతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

ప్రశ్న: దారి పక్కన మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలకు ఏ వైపు నుంచి నడవాలి?
– కె.ఆర్.పురం

గోడ మీ కుడిచేతి వైపు ఉండేట్టు. మన గుడి ప్రదక్షిణలాగే. ప్రార్థన చక్రాలూ అదే దిక్కుగా తిప్పాలి. టిబెట్‌కు చెందిన బోన్ మతస్థులు మాత్రం ఎడమనుంచి తిరుగుతారు. హిమాచల్‌లో సోలన్ దగ్గరి దోలాంజీలో వాళ్ల మెన్రీ మఠం ఉంది, అక్కడికి వెళ్తే వాళ్ల పద్ధతి పాటించండి. మంత్రాల గోడ మీది చిన్న రాయి ఒక్కటి కూడా జ్ఞాపకానికి తెచ్చుకోకండి.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో మట్టిమిద్దె ఇంట్లో పెరిగి, సివిల్ ఇంజినీరుగా రిటైరయ్యాను. చదునైన మట్టి పైకప్పు కింద వెయ్యేళ్ల బొమ్మలు ఎలా నిలిచాయి? ఇప్పుడు కప్పులు కురుస్తున్నాయంటున్నారు, ఎందుకు?
– మల్లేశ్వరం

మిద్దె ఇంట్లో పెరిగారు కాబట్టి సగం జవాబు మీకు తెలిసిందే. మనవైపు దూలాలు, దంతెలు, కంప, మట్టి, అన్నిటిపైన చవుడు. లదాఖ్‌లో దూలానికి పాప్లార్ మాను, దానిపై అడ్డంగా దగ్గరదగ్గరగా విల్లో పుల్లలు, వాటిపై ఎండుగడ్డి, ఆపైన మట్టి, చివర మర్కలక్ అనే సన్నని జిగటమట్టి. చవుడు చేసే పనే మర్కలక్ చేస్తుంది. తడి తగలగానే ఉబ్బి సందులు మూసేస్తుంది.

గోడ పునాది రాయి, నేలకు పైన కొంత ఎత్తు దాకా కూడా రాయే. అక్కడి నుంచి ఎండబెట్టిన పచ్చి ఇటుక. లోపలి ముఖం నిలువుగా, బయటి ముఖం పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. దాంతో అడుగున గోడ లావు, పైన సన్నం, బరువు కిందికి సర్దుకుంటుంది. పిట్టగోడ దగ్గర ముదురు ఎరుపు పట్టీ కనిపిస్తుందే, అది రంగు పూసిన గోడ కాదు. పొదల సన్న పుల్లలు బెరడు తీసి, ఎండబెట్టి, పిడికిలి మందాన కట్టలు కట్టి, కోసిన కొసలు బయటికి వచ్చేట్టు పేర్చి, ఆపైన ఎర్రమట్టి రంగు పట్టిస్తారు. గోడ తల దగ్గర బరువు తగ్గించడం దాని పని. దాన్ని గుళ్లకూ రాజభవనాలకే కడతారు, మామూలు ఇళ్లకు కట్టరు.

ఇదంతా నిలిచిందంటే కారణం ఒక్కటే: వాన లేకపోవడం. లేహ్‌లో ఏడాది మొత్తానికి సుమారు 100 మి.మీ. పడుతుంది. బెంగళూరులో 900 మి.మీ. దాటుతుంది. స్పితిలోని తాబో గుడి 996లో కట్టింది, 1042లో బాగుచేశారు. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపం ఊపేసినా లోపలి మట్టి విగ్రహాలు గోడలకు అంటిపెట్టుకునే ఉన్నాయి. అంతటి కట్టడానికి కూడా ఒక్క చెడ్డ వాన చాలు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ మీద కుండపోత కురిసినప్పుడు ఎన్ని మట్టి ఇళ్లు కరిగిపోయాయో మీరు పేపర్లలో చూసే ఉంటారు.

ఇక కురవడానికి కారణాలు. మొదటిది, కారిన ప్రతిసారీ పైన ఇంకో పొర మట్టి వేయడం. లెక్క వేయండి: తడిసి ఆరిన మట్టి ఘనపు మీటరుకు 1,600 కిలోలనుకుంటే, ఒక చదరపు మీటరు మీద 2 సెం.మీ. పొర 32 కిలోలు. పదేళ్లు ఏటా వేస్తే 320 కిలోలు. పాప్లార్ దూలం ఒంగుతుంది, ఒంగినచోట గుంట పడుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి, మళ్లీ కారుతుంది, మళ్లీ మట్టి వేస్తారు. రెండోది, మంచు ఊడ్చకపోవడం. పడిన పూటే పొడిగా ఉన్నప్పుడు చెక్కపారతో తోసేస్తే సరి. మధ్యాహ్నం ఎండకు కరగనిస్తే మెల్లగా ఇంకుతుంది, వాన కంటే అదే ప్రమాదం. మూడోది నీటి తూములు. పొట్టిగా ఉంటే నీళ్లు గోడ మొదట్లోనే పడి, చిందిన తడికి పచ్చి ఇటుక కొరుక్కుపోతుంది. తూము గోడకు కనీసం రెండడుగులైనా ముందుకు రావాలి.

నాలుగోది సిమెంటు, దీని గురించి గట్టిగానే చెప్పాలి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మండే ఎండ. ఆ తేడాకు మట్టి ఒకలా కదులుతుంది, సిమెంటు ఇంకోలా కదులుతుంది. వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి నీళ్లు దిగుతాయి, పైన సిమెంటు మూత ఉంది కనుక ఆవిరై బయటికి పోలేవు. కింద పుల్లలు కుళ్లుతాయి, గోడ లోపలివైపు, అంటే బొమ్మలున్న వైపు, చెమ్మ తేలుతుంది. సిమెంటు వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం బొమ్మల పాలిట శాపం.

సరైన పద్ధతి కష్టమైనది: పాతపొరలన్నీ పుల్లల దాకా తీసేయాలి, కుళ్లినవి మార్చాలి, మీటరుకు రెండు మూడు సెంటీమీటర్ల వాలు పెట్టి మళ్లీ మొదటి నుంచి వేయాలి. బస్గోలోని మైత్రేయ ఆలయాలను ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి పాత పద్ధతుల్లో నిలబెట్టుకున్నారు. 2007లో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణకు యునెస్కో ఇచ్చే అత్యున్నత పురస్కారం ఆ పనికే వచ్చింది.

ప్రశ్న: చిత్రకళ విద్యార్థిని. తాబో, ఆల్చి గోడ బొమ్మలు లేపాక్షివాటి లాంటివేనా? ఆ పద్ధతి చిన్న పలక మీద చేసి చూడొచ్చా?
– బసవనగుడి

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్ది విజయనగర చిత్రాలు రాతికప్పు మీద సున్నపు గచ్చు వేసి గీసినవి. హిమాలయాల్లో సున్నానికి బదులు మట్టిగచ్చు. అది పూర్తిగా ఆరాక, జంతువుల తోలు ఉడికించి తీసిన బంకలో రంగు కలిపి పూస్తారు. తడి సున్నం రంగును తనలో కలుపుకుని రాయిలా మారుతుంది. తోలు బంక అలా కాదు, ఎప్పుడు నీళ్లు తగిలినా కరుగుతుంది. కప్పు కారిన గోడ మీద బుద్ధుడి ముఖం మీదుగా మట్టి చారలు దిగి ఉండటం ఇందువల్లే. దుమ్ము తుడుద్దామని తడిగుడ్డ పెట్టినా బొమ్మ గుడ్డకు వచ్చేస్తుంది.

చేసి చూడటానికి అడుగు చదరపు మట్టి టైలు గరుకువైపు తీసుకోండి. ఇది విద్యార్థుల కోసం సులభం చేసిన కొలత. జల్లించిన బంకమట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, సెంటీమీటరు పొడవుగా కత్తిరించిన ఎండుగడ్డి అర పాలు. నీళ్లు పోసి నాలుగైదు రోజులు నానబెట్టి రోజూ కలపండి. టైలును తడిపి సెంటీమీటరు మందాన పూయండి, పచ్చిగా ఉండగానే గీతలు పెట్టండి. మర్నాడు సన్నని మట్టితో 3 మి.మీ. రెండో పూత. నీడలో వారం ఆరాలి. ఎండలో పెడితే పగుళ్లు ఖాయం. నీడలోనూ పగిలితే మట్టి ఎక్కువైంది, ఇసుక పెంచండి. వేలితో రుద్దితే రాలితే ఇసుక ఎక్కువైంది.

బంకకు, పాతకాలం వడ్రంగులు వాడిన తోలు బంక గుళికలు 5 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. మరగనిస్తే బంక బలం పోతుంది, వేలు ముంచి ఓర్చుకోలేనంత వేడి చాలు. ముందు ఉత్త బంకనీళ్లు ఒక పూత. తర్వాత అదే బంకనీళ్లలో సుద్దపొడి మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా కలిపి, పల్చగా నాలుగైదు పూతలు, ప్రతిదీ ఆరాక. చివర నున్నటి గులకరాయితో రుద్దండి. బంక చిక్కనైతే ఆరేటప్పుడు బిగుసుకుని సుద్దపొరను పెచ్చులుగా లేపుతుంది, పల్చనైతే రంగు చేతికి అంటుతుంది. పాత గోడల మీద పెచ్చులు లేవడానికి ఈ బిగువు కూడా ఒక కారణమే.

బొగ్గుతో గీసి, జాజుతో గీతలు ఖాయం చేసుకోండి. ముందు వెనకటి ఆకాశం, నేల, తర్వాత బట్టలు, తర్వాత ఒంటి రంగు, దానిమీద నీడలు, చుట్టుగీత, బంగారం. కళ్లు అన్నిటికంటే చివర. పూర్వం నీలానికి లాపిస్ లాజులి, అజురైట్, ఆకుపచ్చకు మాలకైట్, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం వాడేవారు. చివరి రెండూ విషాలు – ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్. సీసం ఉన్న సిందూరమూ అంతే, పైగా కాలం గడిస్తే నల్లబడుతుంది. ఇంట్లో వాటిని నూరకండి. జాజు, నీలిమందు, సుద్ద, దీపపు మసితో మొదటి పలక నిండుగా చేయొచ్చు.

ప్రశ్న: మన కర్ణాటకలోని టిబెటన్ల స్థావరం బైలకుప్పెలో ఉన్న స్వర్ణాలయం చూస్తే లదాఖ్ గోంపా చూసినట్టేనా?
– వైట్‌ఫీల్డ్

లోపలి బొమ్మల క్రమం తెలుసుకోవడానికి బైలకుప్పె చక్కటి పాఠశాల. నామ్‌డ్రోలింగ్ మఠం 1963లో మొదలైంది, మీరు చెప్పే ఆలయం 1999లో ప్రారంభమైంది. బుద్ధుడు, పద్మసంభవుడు, అమితాయువు – ముగ్గురి బంగారుపూత విగ్రహాలు పక్కపక్కనే వెలుతురులో చూడొచ్చు. పద్మసంభవుడికి అంత చోటివ్వడం అది టిబెట్ బౌద్ధంలోని ఞింగ్మా శాఖ మఠం కావడం వల్ల. తిక్సే గెలుగ్ శాఖది, హెమిస్ ద్రుక్పా శాఖది. విగ్రహాల ఎంపికలో ఆ తేడా కనిపిస్తుంది. కట్టడం విషయానికొస్తే, దక్షిణాదిలో కట్టినవి కాంక్రీట్ ఆరామాలు. మన వానల్లో మట్టిమిద్దె నిలవదు గనుక అదే సబబు. ఇక్కడ పెద్ద కిటికీలు, అక్కడ చలికి చిన్న కిటికీలు, నడికప్పులోంచి దిగే ఒకే వెలుతురు. లదాఖ్ వెళ్లే ముందు ఒక ఆదివారం బైలకుప్పెకు వెళ్లి పంచబుద్ధులనూ దిక్పాలకులనూ గుర్తుపట్టడం సాధన చేస్తే అక్కడ చీకట్లో తడుముకోరు.

ప్రశ్న: లేహ్‌లో కొన్న తంకా హాల్లో వేలాడదీశాం. వానాకాలం రాగానే బూజు చుక్కలు వచ్చాయి. ఏం చేయాలి?
– బనశంకరి

గోడ బొమ్మలాగే తంకా కూడా సుద్ద, తోలు బంకల పనే, గోడ బదులు నూలుగుడ్డ. తోలు బంక చెమ్మను పీలుస్తుంది, బూజుకు అది ఆహారం. వాన కొట్టే బయటిగోడ మీంచి వెంటనే తీసి లోపలిగోడకు మార్చండి. వెనక పైనా కిందా చిన్న బెండు ముక్కలు పెట్టి, గోడకూ తంకాకూ మధ్య వేలెడు సందు ఉంచండి. చుక్కలను తడితో తుడవొద్దు, ఎండలో వేయొద్దు. గాలాడే నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, మెత్తటి పొడి కుంచెతో, ముక్కుకు మాస్కు కట్టుకుని, బొమ్మ లేని పట్టు అంచు మీద మాత్రమే మెల్లగా దులపండి. రంగు మీద బూజు ఉంటే చేయి పెట్టకుండా, చిత్రాల పరిరక్షణ తెలిసినవారికి చూపించండి. అద్దం బిగిస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. బిగించక తప్పకపోతే అద్దం రంగును తాకకుండా మధ్యలో అంగుళం ఎడం పెట్టించండి. తరచూ చుట్టి విప్పితే అడ్డంగా పగుళ్లు వస్తాయి. చుట్టాల్సి వస్తే కింది కర్ర నుంచి పైకి, వదులుగా చుట్టండి.

చేత్తో గీసిందో అచ్చో తెలుసుకోవాలంటే భూతద్దం పెట్టి చూడండి. అచ్చైతే సన్న చుక్కల వరసలు కనిపిస్తాయి. వెనకవైపు మూర్తి తల, గొంతు, గుండెల చోట ఓం, ఆః, హూం అక్షరాలుంటే దానికి ప్రతిష్ఠ జరిగిందన్న మాట. అప్పుడు దాన్ని పడగ్గదిలో కాళ్లవైపు వేలాడదీయకండి.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఆ కొండల కళకూ మన అమరావతికీ సంబంధం ఏమైనా ఉందా?
– యలహంక

ఉంది. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక (అంటే మన అమరావతి) స్తూపం దగ్గర బోధించాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. ఆ నమ్మకంతోనే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. లాసా దగ్గర 1416లో వెలసిన డ్రెపుంగ్ మఠం పేరు కూడా మన ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. రెండిటికీ అర్థం ధాన్యపు రాశి. ఆల్చి ధోవతి మీది 84 మంది సిద్ధుల సంప్రదాయంలో నాగార్జునుడి పేరూ వస్తుంది.

రూపం మాత్రం చాలా మారింది. అమరావతి స్తూపం వెడల్పైన గుండ్రని అండం, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలతో వేదికలు, చుట్టూ చెక్కిన పలకలు. లదాఖ్ స్తూపం, అంటే చోర్టెన్, నిలువుగా పెరిగింది. కింద చదరపు పీఠం, దానిపై మెట్లు, చిన్న కుండలాంటి అండం, ఆపైన పదమూడు వలయాల శిఖరం, కొసన నెలవంక, సూర్యుడు. మన స్తూపం మీది గొడుగులే అక్కడ ఆ పదమూడు వలయాలయ్యాయి.

డ్రెపుంగ్ ఇప్పుడు మన పక్కనే, ఉత్తర కన్నడ జిల్లా ముండ్‌గోడ్‌లో కూడా ఉంది. బెంగళూరు నుంచి హుబ్బళ్ళి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు.